పందికొక్కు తిన్న పేజీ

మిరప యార్డులో మా కొట్టు వెనక గోడౌన్‌లో
నిన్న రాత్రి పందికొక్కు నిఘంటువు తిన్నది.
మొత్తం కాదు.
'బి' దగ్గర మొదలెట్టి నాలుగు ఆకులు,
అంచు నుంచి లోపలికి,
పెళ్లి విస్తట్లో అప్పడం తిన్నంత శ్రద్ధగా.

అరండల్‌పేట తోపుడుబండి మీద
కిలోల లెక్కన కొన్న పుస్తకం.
ఇంగ్లీషు మాటలు ఏ ఊళ్లో పుట్టాయో,
ఎవరింట పెరిగాయో, ఎన్ని రేవులు మారాయో
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.
పద్దులు ముగిశాక, లారీ వచ్చేలోగా
నేను పైకి చదువుతుంటే
మస్తాన్‌బీ చిరుగు సంచులు కుడుతూ వినేది.

మొన్ననే చెప్పాను ఆమెకి,
పందికొక్కుని దొరలు 'బాండికూట్' అన్నారని,
ఆ మాట మన నోట్లోంచే పట్టుకుపోయారని.
దబ్బనం ఆపి నవ్వింది.
"మన గింజలు తిన్నది చాలక
వాళ్ల బుక్కులోనూ దూరిందా!
అద్దె ఎంత ఇస్తున్నారో కనుక్కో గుమాస్తా."

సరిగ్గా ఆ పేజీయే పోయింది.
తన పేరు తానే నమిలేసిన జీవిని
నేనింకెక్కడా చూళ్లేదు.

'జి' మిగిలింది, అదృష్టం.
ఆమె ఒళ్లో ఉన్న గోనే
ఓడెక్కి 'గన్నీ' అయింది.
మేం కూర్చున్న గోడౌను సంగతి తేలలేదు.
మన గిడ్డంగే మలయా దాకా వెళ్లి
వేషం మార్చుకుని తిరిగొచ్చిందని ఒక పండితుడు,
కాదు కాదు, అక్కడిదే అని ఇంకొకడు.
తగువు తెగేదాకా
తేజా రకం ఎనిమిది వందల టిక్కీలు
పేరు తేలని కప్పు కిందే ఘాటెక్కుతున్నాయి.

ఈ కాయ కూడా మనది కాదు మరి.
సముద్రాలవతలి నుంచి పడవలో దిగినప్పుడు
ఏమని పిలవాలో ఎవరికీ తెలియక
మనవాళ్లు మిరియం పేరు అతికించి మిరప అన్నారు.
అక్కడ వాళ్లూ అంతే,
ఎప్పుడో మన పిప్పలి నుంచి తీసుకున్న 'పెప్పర్'ని
దీని మెడలోనూ వేశారు.
కొత్త కోడల్ని చచ్చిపోయిన అత్త పేరుతో పిలిచినట్టు.
పిలిస్తే పలికింది. ఇల్లంతా ఏలుకుంది.

పొద్దున ఫిరంగిపురం యలమందయ్య వచ్చాడు.
పన్నెండు టిక్కీలు. రెండు తాలు అన్నారు.
తేమకి ఇంత, కాటాకి ఇంత, హమాలీకి ఇంత,
మచ్చకాయకి మళ్లీ ఇంత.
కోసింది కోయగా మిగిలింది రాసి
బిల్లు చేతిలో పెట్టాను.
కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.
ఘాటుకేలే అన్నాడు.

ఈ బిల్లు అనే మాట, పుస్తకం ప్రకారం,
రోము వాళ్ల నోట మొదట నీటి బుడగ.
తర్వాత మైనపు ముద్ర,
ఆ తర్వాత ముద్ర పడిన కాగితం.
చదివిన రోజు వింతగా అనిపించింది.
ఇవాళ ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి
జేబులోకి అంత మెల్లగా దించుతుంటే
పగులుతుందేమోనని నేనే ఊపిరి బిగబట్టాను.
ఆయనకి చెప్పలేదు.

మధ్యాహ్నం మస్తాన్‌బీ
పుస్తకాన్ని వెనకా ముందూ తిప్పి చూసింది.
"దబ్బనం ఉందా ఇందులో?"
లేదు.
"అయితే కొరికితే కొరికిందిలే," అని
పాత గోనె ముక్క కత్తిరించి,
అట్టకి తొడిగి, పురికొసతో చుట్టూ కుట్టేసింది.
కుట్టుకూలి ఖాతాలో రాయమంది.
మళ్లీ పందికొక్కు రాకుండా
కుట్టు కుట్టుకీ చిటికెడు కారం కూరింది.

అందుకే ఇప్పుడు
ఏ మాట పుట్టుక వెతుకుదామని తెరిచినా
ముందు నాకు తుమ్మొస్తుంది.